ఏటి ఒడ్డు తోపులో తుప్పలు కొట్టించే ముందు

ఆమదాలవలసకు ఎగువన, నాగావళి ఒడ్డున ఉన్న మీ ఊరి తోపు గురించి మీరు మూడు సంగతులు అడిగారు. ఆ తోపు ఎంత పాతదో తెలుసుకొనే మార్గం ఉన్నదా అన్నది మొదటిది. అందులో ఏయే జీవులు ఉండవచ్చునన్నది రెండవది. పంచాయతీవారు తుప్పలు కొట్టించి, నడకదారి వేయించి, కొత్త మొక్కలు నాటించి పార్కు చేద్దామంటున్నారు కనుక, తోపును చట్టప్రకారం కాపాడుకొనే వీలున్నదా అన్నది మూడవది. విజయనగరంలో ముప్పై ఏళ్ళకు పైగా వృక్షశాస్త్రం చెప్పి, సెలవు దొరికినప్పుడల్లా నాగావళి, సువర్ణముఖి, చంపావతి గట్ల వెంట తిరిగినవాణ్ణి కనుక తెలిసినంత మేర చెబుతాను. అన్నిటికంటే ముందు ఒక్క మాట: తుప్పలు కొట్టించకండి. ఎందుకంటున్నానో మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేసరికి తేటపడుతుంది.

వయసు సంగతి చూద్దాం. తోపులోని పెద్ద మాను చుట్టుకొలత కొలిచి "ఇది మూడు వందల ఏళ్ళది" అని చెప్పేవారిని నమ్మవద్దు. చలిదేశాల చెట్లలో ఏటికొక వలయం స్పష్టంగా ఏర్పడినట్టు మన చెట్లన్నిటిలోనూ ఏర్పడదు. టేకు వంటి కొన్నింటిలో మాత్రమే ఆ లెక్క కొంతవరకు పనికివస్తుంది. పైగా ఏటి తడి అందే మద్దిమాను, మెట్ట మీది మద్దిమాను ఒకే వయసువైనా వాటి లావు ఒకటిగా ఉండదు. అసలు, తోపు పాతదా కాదా అన్నది ఒక చెట్టు వయసును బట్టి తేలే విషయం కాదు. ఆ నేల మీద అడవి ఎన్ని తరాలుగా తెగిపోకుండా కొనసాగుతున్నదన్నదే ముఖ్యం. పెద్దమాను ఏ పొలం గట్టునైనా ఒంటరిగా నిలబడి ఉండవచ్చు. తాతమాను పక్కన తండ్రిమాను, దాని నీడలో పిల్లమాను, ఆ పక్కన పడి కుళ్ళుతున్న ముత్తాతమాను, అన్నిటి కింద ఎన్నడూ నాగలి ఎరుగని నేల కనిపిస్తే అది పాత తోపు.

పాతదంటే మనిషి చెయ్యి పడనిదని కూడా అనుకోనక్కరలేదు. మన శ్రీకాకుళం జిల్లాలో ఏటి ఒడ్లు రెండు వేల ఏళ్ళకు పైబడి జనం మసలిన చోట్లు. వంశధార గట్టున శాలిహుండంలో బౌద్ధ స్తూపాలున్నాయి, అదే నది ఒడ్డున ముఖలింగంలో గాంగుల నాటి ఆలయాలున్నాయి. ఇంత మంది మధ్య ఒక తోపు మిగిలిందంటే అది జనం కంటపడకుండా మిగిలినది కాదు, జనం వదిలిపెడితే మిగిలినది. గ్రామదేవత ఉన్నదనో, వరదకు గట్టు తెగుతుందనో, పశువులకు నీడ కావాలనో ఎవరో దానికి గొడ్డలి తగలనివ్వలేదు. మీ తోపు విషయంలో ఆ కారణం ఏమిటో ఊరి పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టుకోండి. రేపు కాగితాల దగ్గర అది పనికివస్తుంది.

ఇక తోపులోకి వెళ్ళి స్వయంగా చూడవలసిన గుర్తులు. మీరు పంపిన వివరాలను బట్టి అక్కడ ప్రధానమైనది తెల్లమద్ది. నది వెంట పెరుగుతుంది కనుక ఏరుమద్ది అని కూడా అంటారు. మొదలు దగ్గర పలకల్లాగా విచ్చుకున్న వేరుగోడలు, బూడిద రంగు నున్నని బెరడు, అది పెద్ద పెద్ద రేకులుగా ఊడిపోయిన చోట లేత గులాబీ, లేత ఆకుపచ్చ కలిసిన కొత్త చర్మం కనిపిస్తాయి. ఎండాకాలంలో దాని కింద రాలిన కాయ ఒకటి చేతిలోకి తీసుకోండి. బొటనవేలంత ఉండి, గట్టి పీచుతో, పొడుగునా ఐదు రెక్కలు దేలి ఉంటుంది. దానిని నీటిలో వేస్తే మునగదు, తిరుగుతూ ప్రవాహంతో పోతుంది. కొత్తనీరు వచ్చినప్పుడు ఇసుకమేట మీదికో, గట్టు మొదట పేరుకున్న చెత్తలోకో చేరి అక్కడ మొలుస్తుంది. అంటే ఈ చెట్టు తన పిల్లలను నదికి అప్పగిస్తుంది, నది వాటిని గట్టు అంచున, తుప్పల మొదట దింపుతుంది. పంచాయతీవారు శుభ్రం చేయాలనుకుంటున్నది సరిగ్గా ఆ అంచునే.

మద్దితో పాటు నేరేడు, కానుగ, మేడి, జువ్వి, కడిమి ఉన్నాయేమో చూడండి. వాటి మీదికి ఎగబాకిన గిల్లతీగ మనిషి తొడంత లావు ఉంటే అది మంచి గుర్తు. అంత లావు తీగ కావాలంటే దానిని మోసిన చెట్లు చాలాకాలం కొట్టుడుపడకుండా ఉండి ఉండాలి. కింద బలుసు, పరికి, కలివి, ఊడుగ వంటి మన పొదలు ఉంటే అది మరింత మంచి గుర్తు. కొత్తగా నాటిన ఏ తోటలోనూ ఇవన్నీ కలిసి ఉండవు, ఎవరూ నాటరు కూడా.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో విద్యార్థులతో ఒక ఎన్.ఎస్.ఎస్. శిబిరం నడిపాను. ఊరి పేరు చెప్పను. ఏటి గట్టు మీద ఇటువంటిదే చిన్న తోపు, కొంచెం ఎత్తైన చోట ఉండేది. పది రోజులు శ్రమదానం చేసి లోపలి తుప్పలన్నీ నరికి, పడిపోయిన మాన్లను ఊరివారికి వంటచెరకుగా ఇచ్చేసి, వరుసలు తీసి తురాయి, సరుగుడు మొక్కలు నాటించాము. చివరిరోజు సభలో అందరూ మెచ్చుకున్నారు. మరుసటి సంవత్సరం ఎండకు నేల బీటలు వారింది, నాటినవాటిలో చాలా భాగం పశువుల పాలైంది. ఆ తరువాతి వానాకాలం వరదకు గట్టు సుమారు రెండు బారలు విరిగి ఏట్లో కలిసింది, దానితో పాటు రెండు పెద్ద మద్దిమాన్లు ఒరిగిపోయాయి. వాటిని మేము ముట్టుకోలేదు. వాటి వేళ్ళ మధ్య మట్టిని పట్టుకొని ఉన్న చిన్న వేళ్ళన్నిటినీ పెరికేశాము, అంతే. కనుక మీ పంచాయతీవారి మీద నాకు కోపం లేదు. వారు ఇప్పుడు చేయబోతున్నది నేను చేసినదే.

అన్ని తుప్పలూ ఒకటి కావని కూడా చెప్పాలి. లాంటానా, సర్కారు తుమ్మ, వయ్యారిభామ బయటినుంచి వచ్చి పడినవి, మన మొలకలను ఎదగనివ్వవు. వాటిని తీయించవలసిందే. కానీ జేసీబీ పెట్టకూడదు. మనుషులతో, వేరుతో సహా, ఒక్కో ఏడాది ఒక్కో పట్టీ చొప్పున, వానలకు ముందు కాక వానలు తగ్గాక తీయించాలి. తీసిన చోట ఏమీ నాటనక్కరలేదు. రెండేళ్ళు పశువులు రాకుండా చూస్తే చాలు, నేలలో ఉన్న విత్తనమే లేస్తుంది.

జీవుల విషయానికి వస్తే, పెద్ద మృగాలకోసం వెతకడంతో మొదలుపెట్టకండి. మేడిచెట్టుతో మొదలుపెట్టండి. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని లోకం ఈసడించింది గాని, ఆ పురుగు లేనిదే మేడిపండు లేదు. మేడి, మర్రి, రావి, జువ్వి జాతులకు పువ్వులు కాయ లోపలే ఉంటాయి, ఒక్కో జాతికి పుప్పొడి చేర్చే కందిరీగ వంటి అతి చిన్న కీటకం వేరువేరుగా ఉంటుంది. కాయ చివరి సన్నని రంధ్రం గుండా అది లోపలికి దూరి, తన రెక్కలు అక్కడే పోగొట్టుకొని, గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆ కీటకం తరం తెగకుండా ఉండాలంటే చుట్టుపక్కల ఏదో ఒక చెట్టు ఎప్పుడూ కాపులో ఉండాలి. అందువల్లనే అడవిలో ఇంకేమీ పండని నెలలలో కూడా వీటి పండ్లు దొరుకుతాయి. ఆ నెలలలో పక్షులు, ఉడుతలు, కోతులు, గబ్బిలాలు బతికేది వీటి మీదనే. ఒక మేడిమాను కింద తెల్లవారుజామున గంటసేపు కదలకుండా కూర్చుంటే, తోపులో ఎవరెవరున్నారో సగం లెక్క తేలుతుంది.

మిగిలిన సగం తొర్రలలో ఉంటుంది. చిలుక, పాలపిట్ట, పైడికంటె, గుడ్లగూబ తొర్రలలో గూడు కట్టేవి. వడ్రంగిపిట్ట తొలిచినది తరువాత మరొకరి ఇల్లవుతుంది. వీటన్నిటిలో కొమ్ముకత్తిరాయి (హార్న్‌బిల్) కథ వేరు. ఎండాకాలంలో ఆడపక్షి పెద్ద తొర్రలోకి దూరి, రెట్టతో, మట్టితో వాకిలి మూసుకొని, ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. గుడ్లు పొదిగి, పిల్లలు కొంత ఎదిగేవరకు లోపలే ఉంటుంది. ఆ రోజులన్నీ మగపక్షి మేడిపండ్లు, జువ్విపండ్లు, అప్పుడప్పుడూ ఒక తొండ పట్టుకొచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. కిందనుంచి చూస్తే బెరడు మీద నిలువు చీలిక, దాని నుంచి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోయే ముక్కు కొన మాత్రమే కనిపిస్తాయి. మగపక్షిని ఎవరైనా కొడితే లోపలి కుటుంబమంతా పస్తులే. ఇంత పెద్ద పక్షికి సరిపడే తొర్ర పడాలంటే చెట్టుకు ఎంతో వయసు రావాలి, కొంత పుచ్చాలి కూడా. "పుచ్చిన మాన్లు ప్రమాదం, తీసేద్దాం" అని అంచనా రాసే ఇంజనీరుగారికి ఈ ఒక్క సంగతి వివరించండి. దారి మీదికి ఒరిగినదైతే కొమ్మలు తగ్గించి మొండెం నిలపమనండి.

రాత్రి తిరిగేవాటిలో మానుపిల్లి తప్పక ఉంటుంది. పడిపోయిన మాను మీద, బండ మీద విత్తనాలతో నిండిన దాని మలం చూస్తే, తోపుకు జీతం లేని తోటమాలి అదేనని తెలుస్తుంది. పెద్ద గబ్బిలాలు వేలాడే చెట్టు ఉంటే దానిని కొట్టమని కొందరు ఒత్తిడి చేస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్ల గబ్బిలాలను మొదట హానికర జంతువుల పట్టికలో పెట్టినమాట నిజమే గాని, 2022 సవరణతో ఆ పట్టికే పోయింది. ఏటి వైపు రాళ్ళ మీద చేప పొలుసులతో, పీత చిప్పలతో కలిసిన మలం పదేపదే ఒకేచోట కనిపిస్తే నీటికుక్కలు తిరుగుతున్నట్టు. ఫొటో తీయండి, ఆ చోటు మాత్రం ఎక్కడా ప్రకటించకండి. ఒంటి నిండా పొలుసులుండే అలుగు (పంగోలిన్) కనబడినా అంతే. వేటగాళ్ళు కూడా చదువుకున్నవాళ్ళే.

ఏనుగుల గురించి కూడా అడిగారు. ఒడిశా నుంచి వచ్చిన గుంపులు కొన్నేళ్ళుగా ఎగువ నాగావళి పరిసరాలలో, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలో తిరుగుతున్న సంగతి మీకు తెలిసినదే. అవి నీటి వెంట నడుస్తాయి, పగలు నీడలో ఆగుతాయి. మీ దాకా రావడం అరుదు కావచ్చు గాని, వస్తే ఫోన్లు పట్టుకొని చుట్టూ మూగకుండా, తోపును ఆ ఒక్కరోజు వాటికి వదిలి, అటవీశాఖకు కబురు చేయడమే పని.

పక్షుల వలసల విషయంలో ఒక చిన్న దిద్దుబాటు. టెక్కలి మండలం తేలినీలాపురానికి వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగొట్టు కొంగలను పత్రికలు ఏటా "సైబీరియా అతిథులు" అంటాయి. అవి సైబీరియావి కావు. సైబీరియా నుంచి వచ్చే పక్షులు ఇక్కడ చలికాలం గడిపి పోతాయే గాని గూడు పెట్టవు. ఇవి దక్షిణాసియా పక్షులే, చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను లేపుకొనేది ఇక్కడనే. ఈ తేడా పట్టింపు కోసం చెప్పడం లేదు. అతిథి అయితే మరోచోటికి పోగలదు. పుట్టిల్లే ఇది అయినప్పుడు, గూడు కట్టుకొనే ఆ ఊళ్ళ చింతచెట్లు పోతే దానికి మరో చోటు దొరకడం కష్టం. ఆ రెండు ఊళ్ళవారు పక్షుల రాకను శుభంగా భావించి, ఇళ్ళ మధ్య చెట్ల మీది గూళ్ళను, కింద పడే రెట్టను, కంపును సహించారు. చట్టం కంటే అదే వాటిని ఎక్కువగా కాపాడింది. మీ తోపులో కొంగలు ఇదివరకు గూడు పెట్టేవని మీ నాన్నగారు చెప్పారన్నారు కదా. చెట్లు ఉండి పక్షులు మానేశాయంటే, మేత దొరికే మడుగులు, నత్తలున్న తడినేల దగ్గరలో తగ్గాయేమో చూడాలి.

ఆ మాట ఇసుక దగ్గరికి తెస్తుంది. తోపుకు ఎదురుగా ఇసుక తీస్తుంటే, లోపల మీరు ఎంత కాపలా కాసినా ప్రయోజనం ఉండదు. ఏటి అడుగు లోతైతే ఒడ్డులోని నీటిమట్టం దానితో పాటు దిగుతుంది, మద్ది వేళ్ళకు వేసవి తడి అందదు. గట్టు మొదలు కోతకు గురై పైభాగం వేలాడి, ఒక వరదకు కూలుతుంది. ముందు పై కొమ్మలు ఎండిన మాన్లు ఏటి వైపునే ఎక్కువగా ఉంటే కారణం పురుగు కాదు, ఇది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా చట్టం, చెట్ల నరికివేతను, ఇసుక తవ్వకాన్ని రెండింటినీ అదుపు చేస్తుంది. ఫిర్యాదు రాసేటప్పుడు రెండింటినీ ఒకే కాగితంలో పెట్టండి.

ఇక కాగితాలు. ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది. ముందు ఆ నేల రికార్డులో ఏమని ఉన్నదో తేల్చుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చాలా భాగం జమీందారీ కింద ఉండేది కనుక, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఏ నేల ఏ రకానిదో రాసిన భూమి రిజిస్టరు, నకలు తీసుకోండి. అందులో తోపు పోరంబోకు అని ఉందా, ఏటి పోరంబోకు అని ఉందా, అడవి అని ఉందా, ఎవరి పట్టాలోనైనా ఉందా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. ఇటీవలి రీసర్వేలో హద్దులు ఎలా గీశారో దానితో సరిపోల్చండి. పాత రికార్డులో ఉన్న విస్తీర్ణానికి, ఇప్పటిదానికి తేడా ఉంటే ముందు అది సరిచేయించాలి.

తోపు పోరంబోకు అయితే, 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆధీనంలోని తోపులు గ్రామపంచాయతీకి సంక్రమిస్తాయి. అంటే పార్కు చేద్దామంటున్న పంచాయతీయే దానిని కాపాడగలిగిన సంస్థ కూడా. వారిని ఎదిరించే ఆలోచన మానుకొని వారి చేతనే తీర్మానం చేయించండి. పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ చెబుతున్నది. ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో మీ తోపును నమోదు చేయించడం తొలిమెట్టు. అదే చట్టం 37వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థలను సంప్రదించి ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించవచ్చు. దేశంలో ఆ హోదా మొదట పొందినది మహారణ్యం కాదు, కర్ణాటకలో దేవనహళ్ళి దగ్గరి నల్లూరు చింతతోపు, 2007లో. మనకు పొరుగున మహేంద్రగిరి కొండలకు ఒడిశా ప్రభుత్వం 2022లో ఆ హోదా ఇచ్చింది. మీరు దరఖాస్తులో నల్లూరునే ఉదాహరించండి. ఊరి తోపుకు ఊరి తోపే పోలిక.

వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణతో వచ్చిన మరో దారి 36సి సెక్షన్ కింద కమ్యూనిటీ రిజర్వు. ప్రజలు లేదా ఒక వ్యక్తి స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన సామూహిక, ప్రైవేటు భూములకే అది వర్తిస్తుంది. యాజమాన్య కమిటీలో పంచాయతీ ప్రతిపాదించిన ప్రతినిధులు ఉంటారు. ప్రకటన తరువాత కమిటీ తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం లేకుండా భూవినియోగం మార్చడానికి వీలుండదు. ఈ చివరి షరతు మీకు చాలా బలం. అయితే ఊళ్ళో అందరికీ అది ముందే తెలియాలి, లేకపోతే తరువాత గొడవలవుతాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజస్థాన్‌లోని దేవుని వనాల కేసులో ఈ మార్గాన్నే సూచించింది. ఇక భూమి ఎవరిదైనా, రికార్డులో అడవి అని ఉంటే గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు వర్తిస్తుంది, అప్పుడు పార్కు పని కేంద్ర అనుమతి లేకుండా కదలదు. మీ ఎగువన సవర, జాతాపు గూడేలవారి అడవులకు 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభకే సామూహిక అటవీ వనరులను కాపాడుకొనే హక్కు ఉన్నది. అది వేరే కథ, మీకు వర్తించదు.

పంచాయతీవారికి చేతికి ఏదో ఒక పని కావాలి, నిధులు వచ్చాయి కనుక. నడకదారిని తోపు లోపల కాక పొలాల వైపు అంచు వెంట, సిమెంటు లేకుండా మట్టితో వేయమనండి. కార్తీకమాసంలో వనభోజనాలకు ఒక ఖాళీ చోటు బయట కేటాయించి, పొయ్యిలు, మైకులు అక్కడికే పరిమితం చేయమనండి. లోపల ఉసిరిచెట్టు ఉన్నదని అందరూ దాని కిందికే పోతారు కాబట్టి, బయటి చోట రెండు ఉసిరిమొక్కలు ఇప్పుడే నాటించండి. ఆ ఒక్క నాటడానికి నాకు అభ్యంతరం లేదు. మద్దిబెరడు గుండెకు మంచిదని మాను చుట్టూ ఒలిచేవారు వస్తారు. చుట్టూ ఒలిస్తే మాను చస్తుంది. అందుకు ఒక బోర్డు చాలదు, పశువుల కాపరులతో ముందే మాట్లాడి పెట్టుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పటి లాగా మళ్ళీ తుపానుకు మాన్లు పడితే, దారికి అడ్డమైనవి మాత్రమే తీయండి. వేళ్ళతో సగం లేచి ఒరిగిన మద్ది చాలాసార్లు పక్కనుంచి చిగురిస్తుంది.

దరఖాస్తుకు జత చేయడానికి ఏడాది పొడుగునా లెక్క కావాలి. ఈ వేసవిలో తొర్రలున్న మాన్లకు నంబర్లు వేసి పటం గీయండి. మొదటి వరద తీసిన తరువాత, ఆగస్టు నెలాఖరుకు, గట్టు అంచున తుప్పల మొదట పది అడుగుల చదరాలు ఐదింటిని తాళ్ళతో గుర్తుపెట్టి, వాటిలో మద్దిమొలకలు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. మొలక లేతగా ఉన్నప్పుడు గుర్తించడం కష్టమైతే నెమ్మదిగా మట్టి తీసి చూడండి, ఐదు రెక్కల కాయ ఇంకా దాని కాలికి అంటుకొనే ఉంటుంది. ఆ లెక్క నాకు పంపితే, దరఖాస్తులో రాయవలసిన వృక్షాల భాగం నేను రాసి ఇస్తాను.